తండేలు దిగిన తరగతి

పోర్ట్ బ్లెయిర్‌లో మా తెలుగు బడికి రెండే గదులు, మధ్యలో ఒక చెక్క గోడ. ఆ గోడ చూపుకి అడ్డం గాని చెవికి అడ్డం కాదు. అవతల మూడో తరగతి చేసే గోల వింటూనే ఇవతల నేను అయిదో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. హెడ్మాస్టర్ని కూడా నేనే కాబట్టి ఆ గోలకి జవాబు చెప్పుకోవలసిన వాణ్ణీ నేనే.

కృపావతి ఆ గదికి వచ్చింది అరవై ఎనిమిదిలో. విశాఖలో ట్రైనింగు ముగించి ఓడెక్కి వచ్చి, హాడో క్వార్టర్స్‌లో మేనమామ దేవకుమార్ ఇంట్లో దిగింది. పోస్టు టెంపరరీ. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు తరగతి చూసి బాగుందంటే పర్మనెంటు, లేకపోతే తిరుగు ఓడ. వెనక్కి వెళ్తే ఉద్యోగం లేదు, ఆమె మీదే ఆధారపడ్డ తల్లి మాత్రం ఉంది. ఇదంతా మొదటి రోజే చెప్పింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. కొత్తగా వచ్చిన టీచర్లందరికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

పిల్లలంతా శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వేటలో కుదురుకున్న కుటుంబాల వాళ్ళు. సముద్రం హోరులో మాట్లాడి అలవాటైన ఇళ్ళు కాబట్టి, పక్కవాణ్ణి పలక అడిగినా పక్క పడవకి వినిపించేలా అడుగుతారు. నెల తిరిగేసరికి కృపావతి గొంతు పోయింది. వాళ్ళ గొంతులకేమీ కాలేదు.

ట్రైనింగులో నేర్పిన ఉపాయం మొదలుపెట్టింది. వారమంతా బుద్ధిగా ఉన్నవాళ్ళకి శనివారం ఒక వేరుశనగ అచ్చు. మొదటి వారం కాళమ్మ గెలిచింది. గెలిచిన పిల్ల తింటుంటే మిగతావాళ్ళకి నోరూరి బుద్ధి రావాలి, లెక్క ప్రకారం. కాళమ్మ అచ్చుని బల్లకేసి కొట్టి, బెంచీ మీద ఉన్నవాళ్ళకి తలో ముక్కా పంచి, ఒక ముక్క విడిగా ఉంచింది. అది బెంచీ వాటా. పడవలో మనుషులతో పాటు పడవకీ ఒక వాటా ఉంటుంది, అది పడవ సొంతదారుకి పోతుంది. ఈ బెంచీ ఎవరిదని కాసేపు తగువులాడుకుని, బడి నాది కాబట్టి బెంచీ నాదేనని తేల్చి, ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను తిన్నాను. బాగానే ఉంది.

ఇలా కాదని కృపావతి రూళ్ళకర్ర తీసింది. తాతబ్బాయి అరచేతి మీద ఒకటి వేసేసరికి వాడి బెంచీ అంతా లేచి చేతులు చాపి నిలబడింది. ఒక పడవలోవాళ్ళం, దెబ్బల్లోనూ మాకు హిస్సా ఉందన్నారు. వెక్కిరింతేమో అనుకుంది గాని, వాళ్ళ మొహాల్లో వెక్కిరింత లేదు. కర్ర పడేసి నా గదిలోకి వచ్చి ఏడ్చింది. ఏడవడం అయ్యాక, పడవల సంగతేమిటో చూడాలంది.

మర్నాడు పొద్దున్నే కాళమ్మ తల్లి ఎరుకమ్మ వెంట తీరానికి వెళ్ళింది. చేపలు వాటాలు వేయడం చూసింది. పడవ నడిపించే పెద్దని తండేలు అంటారు. ఆయన కన్నెర్రజేయకుండానే మనుషులు ఎలా కదులుతారో చూసింది. వచ్చి ప్రతి బెంచీనీ ఒక పడవ చేసింది. బెంచీకొక తండేలు. తండేలు మాటకి ఎదురు లేదు. అచ్చు ఇకమీదట మనిషికి కాదు, బెంచీకి.

తర్వాత జరిగింది నేను నమ్మలేదు. తండేళ్ళు చెయ్యెత్తితే చాలు, అవతల గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేది. నా అయిదో తరగతి గోల నాకే సిగ్గనిపించింది.

చిక్కు సీతాలు దగ్గర వచ్చింది. ఇంట్లో చంటి తమ్ముణ్ణి నిద్రపుచ్చి వచ్చేసరికి రోజూ ఆలస్యం, వచ్చాక వాగుడు ఆపదు. దాని మూలంగా దాని బెంచీకి వరసగా అచ్చు పోతూనే ఉంది. ఆ బెంచీకి తండేలు పెద్దబ్బాయి అనేవాడు. ఒకరోజు తగువేమీ లేకుండా సీతాలు పలక తీసి గోడ పక్కన నేల మీద పెట్టాడు. వేట చెడగొట్టే మనిషిని పడవ దించేస్తారు, అంతే. సీతాలు ఏడవలేదు, వెళ్ళి కూర్చుంది. ఆ రోజు నుంచి నోరు మెదపలేదు.

కృపావతి నా దగ్గరికొచ్చి, తండేలు మాటకి ఎదురు లేదని చెప్పింది తానేనని, ఇప్పుడు కాదంటే మళ్ళీ మొదటికొస్తుందని, ఇన్‌స్పెక్షన్ అయ్యాక సీతాలుని బెంచీ ఎక్కిస్తానని అంది. వారంలో ఇన్‌స్పెక్షన్. నాకది తెలివైన మాటగానే తోచింది.

ఇన్‌స్పెక్టరు ఉత్తరాది ఆయన, తెలుగు రాదు. గదిలో అడుగుపెట్టగానే ఆ నిశ్శబ్దానికి మొహం విప్పారింది. ఇంత మంచి తరగతి ఈ ద్వీపాల్లో చూడలేదన్నాడు. గోడ పక్కన సీతాలుని చూసి ఎందుకక్కడ కూర్చుందని అడిగాడు. నేను తెలుగులో అడిగితే పెద్దబ్బాయి లేచాడు.

"దింపీసినామండి. దాని మూలంగా మాకు వాటా రాట్లేదు."

హిందీలో చెప్పాను. ఇన్‌స్పెక్టరు నవ్వి, మనం చెయ్యవలసిన పని పిల్లలే చేస్తున్నారని మెచ్చుకుని కలం విప్పాడు. కృపావతి చెయ్యవలసిందల్లా ఊరుకోవడం. ఊరుకుంటే ఉద్యోగం పక్కా.

ఆమె సీతాలు వంక చూసింది. నేనూ చూశాను. నవ్వుతున్నది తన గురించేనని ఆ పిల్లకి అర్థమైంది. తల ఇంకాస్త దించుకుంది.

"పెద్దబ్బాయీ, సీతాలుని ఎక్కించు" అంది కృపావతి.

"కుదరదండి. తండేలు మాట అయిపోయింది."

"ఈ గదికంతటికీ తండేలుని నేను. ఈ కట్టుబాటు పెట్టింది నేను. దించాలంటే నన్ను దించండి."

వెళ్ళి సీతాలు పక్కన నేల మీద కూర్చుంది. ఒక్కసారిగా గది గొల్లుమంది. అందరూ ఒకేసారి మాట్లాడారు. పెద్దబ్బాయి చాలాసేపు ఆలోచించి, పలక చంకన పెట్టుకుని బెంచీ దిగాడు. తండేలు లేని పడవలో ఎవరూ ఉండరు. వాడి వెనక వాడి బెంచీ, తర్వాత మిగతా బెంచీలు. అందరూ ఆమె చుట్టూ నేల మీద చేరారు. సీతాలు నోరు విప్పింది. గదిలో అందరికన్నా పెద్ద గొంతు దానిదే.

ఇన్‌స్పెక్టరు రాశాడు. బెంచీలు ఖాళీ, పిల్లలూ టీచరూ నేల మీద, క్రమశిక్షణ శూన్యం. నేను నా గదికి తీసుకెళ్ళి పడవల సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, ప్రభుత్వం బెంచీలిచ్చింది కూర్చోడానికి కదా అన్నాడు. ఆ మాట మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

పర్మనెంటు చెయ్యడం లేదని ఉత్తర్వు వచ్చిన రోజు కృపావతి అంది, "ఆ నిశ్శబ్దం చూస్తే నాకే భయమేసింది మేష్టారూ. అది చేసింది నేను." మరి రెండు రోజుల్లో ఓడెక్కింది.

మూడో తరగతి నా నెత్తిన పడింది. సోమవారం వెళ్ళేసరికి పిల్లలు నేల మీదే ఉన్నారు, సీతాలు నడిమధ్యన. బెంచీలెక్కమన్నాను. ఎవరూ కదల్లేదు.

"టీచరమ్మ రాకుండా ఎలా ఎక్కుతామండి" అన్నాడు పెద్దబ్బాయి.

ఆమె ఇక రాదని చెప్పాను. విన్నారు. నేను కుర్చీలో కూర్చున్నాను, వాళ్ళు నేల మీద కూర్చున్నారు. నాలుగో తరగతికి వెళ్ళేదాకా అలాగే కూర్చున్నారు.