రాలేదు, పిలిపించాలి

నన్ను బడి వెళ్లగొట్టిందని చెప్పుకుంటూ వచ్చాను. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను. మా అమ్మాయికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చెప్పాను. తొమ్మిదో తరగతిలో కౌన్సెలింగ్ సారు తన గదికి పిలిచి, "నువ్వు దేనికీ పనికిరావురా" అన్నాడనీ, ఆ మాట పడలేక పుస్తకాలు బెంచీ మీదే వదిలేసి వచ్చేశాననీ. చెప్పగా చెప్పగా ఆ గొంతు నాకే వినబడేది.

ఇప్పుడు నాకు నలభై ఏడు. బీరువాలూ తాళాలూ బాగుచేస్తాను. ఎడమ చేతికి చూపుడు వేలు లేదు, ఒక కొట్టు షట్టరు కింద పోయింది. చదువుకున్నవాళ్లు తాళంచెవి పారేసుకున్నప్పుడు నన్ను 'మేస్త్రి గారూ' అంటారు. తలుపు తెరుచుకోగానే ఆ గారు ఊడిపోతుంది. అలవాటైపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మాయి ఫోను చేసింది. పన్నెండో తరగతి చదువుతోంది, నేను వదిలేసిన బడిలోనే.

"నాన్నా, పనిలో ఉన్నావా?"

"నీకెందుకు?"

"కౌన్సెలింగ్ మేడమ్ గదిలో బీరువా తెరుచుకోవట్లేదు. మా కాలేజీ దరఖాస్తు కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. నాలుగింటికి కొరియర్ వస్తాడు. ఇవాళే ఆఖరు రోజు."

"మీ బడికి ఇంకో మేస్త్రి దొరకలేదా?"

"మా నాన్నను మించిన మేస్త్రి లేడని అందరి ముందూ చెప్పేశాను. నా పరువు తీయకు."

రెండు రోజుల ముందు అన్నాల దగ్గర పెద్ద గొడవైంది. దానికి భూకంపాల చదువు కావాలట. భూమి ఎక్కడ ఎంత కదిలిందో కొలుస్తారట. ఆ కాలేజీ రైల్లో ఒక రోజంతా ప్రయాణం. "ఇంట్లో మీ అమ్మ కదిలించేది చాలదా, అంత దూరం పోయి కొలవాలా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. కాగితం మీద తండ్రి సంతకం చేయనని చెప్పి చేయి కడుక్కున్నాను. మర్నాడు అది సంతకం లేకుండానే కాగితాన్ని బడికి పట్టుకుపోయింది. చివరి నిమిషంలో నా మనసు మారుతుందని దాని ధీమా.

నిజం చెప్పాలంటే, సంచి భుజాన వేసుకుని బయలుదేరినప్పుడు నా మనసులో ఉన్నది వేరు. నాలుగింటిదాకా ఆ బీరువా తెరుచుకోకపోతే కాగితాలు పోవు, పిల్ల పోదు. నేను కాదన్నట్టూ ఉండదు. తాళానిదే తప్పవుతుంది.

ముప్పై మూడేళ్ల తర్వాత ఆ గేటు దాటాను. ఇన్నాళ్లూ బడి పనులన్నీ మా ఆవిడే చూసుకుంది. వరండా చివర అదే గది. లోపల రెండు కుర్చీలు, చేతులున్నది ఒకటి, లేనిది ఒకటి. గోడల మీద కాలేజీల బొమ్మలు మారాయి. వాసన మాత్రం మారలేదు, అప్పుడే చెక్కిన పెన్సిలు వాసన.

మేడమ్ చిన్నదే, రెండేళ్ల కిందట చేరిందట. మా అమ్మాయి పక్కన నిలబడితే అక్కలా ఉంది. బల్ల మీద ఒకే ఒక ఫైలు తెరిచి పెట్టి ఉంది. నేను సంచి పెట్టబోతే అడ్డుకుంది.

"దాని మీద వద్దండీ. ఎనిమిదో తరగతి పిల్లది. ఏమవుతావని అడిగితే రేపు చెబుతానంది. జవాబు గడి నిండేదాకా ఫైలు సొరుగులో పెట్టం. కంటికెదురుగా ఉంచుతాం. ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అది."

"ఎవరు పెట్టారు?"

"పాత సారట. ఎర్ర పెన్సిల్ సారు అనేవాళ్లటగా. మీరు చూసే ఉంటారు."

"చూశాను," అన్నాను. బీరువా వైపు తిరిగాను.

అది నాలుగు సొరుగుల ఇనప బీరువా. ఈ రకంలో ఒక సొరుగు తెరిచి ఉంటే మిగతా మూడూ రావు. రెండు ఒకేసారి లాగితే బీరువా ముందుకు ఒరిగి మనిషి మీద పడుతుందని ఆ ఏర్పాటు. పై సొరుగులో ఈ ఏడాది పిల్లల కాగితాలున్నాయి. అది రావట్లేదు, ఎందుకంటే అట్టడుగు సొరుగు వేలెడు బయటికి వచ్చి ఉంది.

"దాన్ని మూసేస్తే సరిపోయేదిగా," అన్నాను.

"మూయండి చూద్దాం," అంది మేడమ్. "నేనూ, అటెండరూ, డ్రిల్లు మాస్టారూ తోసి చూశాం. అందులో పాత ఫైళ్లున్నాయి, సారు వెళ్లాక బల్ల మీదివీ అందులోకే సర్దేశారట. నేనెప్పుడూ ముట్టుకోలేదు. పొద్దున వచ్చేసరికి ఇలా ఉంది."

మోకాలితో తోశాను. లోపలికి పోయింది. టక్కుమన్న చప్పుడు మాత్రం రాలేదు. మోకాలు తీయగానే మళ్లీ బయటికి వచ్చింది. స్ప్రింగు తన్నితే వచ్చే తీరు నాకు తెలుసు, అలా రాలేదు. లోపల ఎవరో అరచేయి పెట్టి మెల్లగా, మర్యాదగా తోసినట్టు వచ్చింది. మళ్లీ వేలెడే.

పట్టాలకు నూనె పోశాను. టార్చి వేసి వెనక చూశాను. చక్రాలు విప్పి తుడిచి బిగించాను. పాతికేళ్లుగా నేను చూసిన బీరువాలన్నిటిలో ఇంత సజావుగా ఉన్నది లేదు. అయినా సొరుగు మూతపడలేదు. గడియారం మూడు దాటింది. తెరవకూడదనుకుని వచ్చినవాణ్ని, తెరుచుకోకపోయేసరికి నాకు రోషం పుట్టింది.

"మొత్తం బయటికి లాగు నాన్నా," అంది అమ్మాయి.

"నువ్వు నాకు పని నేర్పకు."

లాగాను. వంద ఫైళ్లదాకా ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తున పడుకుని ఉన్నాయి, ఒక్కటి మాత్రం పైకి లేచి నిలబడింది. దాని చీటీ మీద నా పేరూ, మా నాన్న పేరూ ఉన్నాయి.

నేను దాచేలోపే అమ్మాయి చేయి వేసింది. ఇద్దరం కలిసే తెరిచాం. అంతా ఎర్ర పెన్సిలు రాత, గుండ్రంగా, ముత్యాల్లా. మొదటి పేరా అమ్మాయి పైకి చదివింది.

"తొమ్మిదో తరగతి. తెలివైనవాడు. ఏమవుతావని అడిగితే నవ్వి తల దించుకున్నాడు. రేపు చెబుతానన్నాడు." తర్వాతి లైను: "రాలేదు. పిలిపించాలి."

అది నా మొహంలోకి చూసింది. "నాన్నా, పనికిరావని అన్నాడన్నావుగా?"

అది చదువుతూ పోయింది. ఏడాదికొక లైను ఉంది. "తాళాల కొట్లో చేరాడు. రాలేదు. పిలిపించాలి." "షట్టరు కింద వేలు పోయింది. రాలేదు. పిలిపించాలి." "పెళ్లయింది." "తల్లి పోయింది. ఏడవలేదు." "కూతురు పుట్టింది." ప్రతి లైను చివరా అవే రెండు మాటలు.

ఒక చోట చదవడం ఆపి కాగితం నా వైపు తిప్పింది. నేను వంగి చూశాను.

"కూతురికి నా గురించి అబద్ధం చెప్పాడు. ఫరవాలేదు. రాలేదు. పిలిపించాలి."

"ఆయన ఇప్పుడెక్కడ ఉన్నారు మేడమ్?" అని అడిగింది అమ్మాయి.

మేడమ్ ముఖంలో నెత్తురు లేదు. "ఆఫీసులో ఫొటో ఉంది. పోయి ఇరవై రెండేళ్లయింది." చెత్తబుట్ట వైపు చూసింది. "సోమవారం సోమవారం నా చెత్తబుట్టలో ఎర్ర పెన్సిలు పొట్టు కనబడుతుంది. అటెండరు పిల్లలెవరో అనుకునేదాన్ని. వాడికి పిల్లల్లేరని మొన్ననే తెలిసింది."

మా అమ్మాయికి పదిహేడు. ఆయన పోయిన అయిదేళ్లకు పుట్టింది.

ఆఖరి లైనుకు ఆ రోజు తేదీ వేసి ఉంది. వేలు తగిలితే ఎరుపు అంటుకుంది. అక్కడ ఒకటే మాట. "వచ్చాడు."

దాని కింద గడి ఖాళీగా ఉంది. విద్యార్థి జవాబు, విద్యార్థి చేతి రాతతో.

ఫైలున్న చోట, సొరుగు అడుగున, సూదిలా చెక్కిన ఎర్ర పెన్సిలు ఉంది.

గుమ్మం వైపు చూశాను. పారిపోవడం నాకు కొత్త కాదు. అమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. కావాలని నిలబడలేదనుకుంటాను. దాని కళ్లు గడియారం మీదున్నాయి. మూడూ ఇరవై అయిదు.

చేతుల్లేని కుర్చీలో కూర్చున్నాను. పెన్సిలు తీసుకుని "తాళాల మేస్త్రి" అని రాశాను. ఫైలు పెట్టి సొరుగు తోశాను. అది మెల్లగా బయటికి వచ్చింది. తీసి చూస్తే గడి ఖాళీ. నా అక్షరాల్లో ఒక్కటీ లేదు.

"డాక్టరు" అని రాశాను.

"డాక్టరా?" అంది అమ్మాయి.

"ఏం, కాకూడదా?"

"కోడిగుడ్డులో నెత్తుటి చుక్క కనిపిస్తేనే పక్కకు తిరుగుతావు నువ్వు."

సొరుగు మళ్లీ వచ్చింది. ఈసారి కాస్త విసురుగా వచ్చి నా మోకాలికి తగిలింది. ఒళ్లు మండి, "ఏమీ కావాలనుకోలేదు" అని కాగితం చిరిగేలా రాశాను. తోసిన సొరుగు చాలాసేపు లోపలే ఉంది. తర్వాత అది బయటికి వచ్చిన తీరు ఉంది చూశారూ, అంత నెమ్మదిగా, అంత దిగులుగా ఒక ఇనప వస్తువు కదలడం నేనెన్నడూ చూడలేదు.

మూడూ నలభై.

"నువ్వు బయటికి పో," అన్నాను అమ్మాయితో.

"పోను."

"సిగ్గుగా ఉందే."

"నాన్నా, ఆ పై సొరుగులో నా బతుకుంది. నీ సిగ్గు తర్వాత చూసుకుందాం."

అచ్చం వాళ్లమ్మే. తల దించుకుని రాశాను. పద్నాలుగేళ్లప్పుడు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయిన మాట అది. తాపీ పనివాడి కొడుకు ఆ మాటంటే గదంతా నవ్వుతుందనిపించింది. ఆయన నవ్వుతాడేమోనని మర్నాడు పోలేదు. ఆ మర్నాడు నిన్న ఎందుకు రాలేదంటాడని పోలేదు. అంతే. దానికి ముప్పై మూడేళ్లు పట్టాయి.

"మీ కుర్చీలో కూర్చోవాలని ఉంది సారూ. మీరు అడిగినట్టు పిల్లల్ని అడగాలని ఉంది."

ఫైలు పెట్టి వేలితో తాకానో లేదో, సొరుగు దానంతటదే లోపలికి జారి టక్కుమంది. మరుక్షణం పై సొరుగు వేలెడు బయటికి వచ్చింది.

మేడమ్ పరుగున వెళ్లి కాగితాలు తీసి కవర్లలో పెట్టసాగింది. మా అమ్మాయి తన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తండ్రి సంతకం దగ్గర వేలు పెట్టి నిలబడింది. కలం ఇస్తే చేశాను. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా కొరియర్ వచ్చి పట్టుకుపోయాడు.

ఇంటికి నడిచి వస్తుంటే నా పనిముట్ల సంచి అది భుజాన వేసుకుంది. బరువుకు ఒక పక్కకు వంగి నడుస్తోంది.

"అమ్మకు చెప్పనా?" అంది.

"ఏమని?"

"నువ్వు అబద్ధాలకోరువని."

"మీ అమ్మకు అది పెళ్లిచూపుల్లోనే తెలుసు."

అప్పుడు నవ్వింది.

దానికి సీటు వచ్చింది. వెళ్లింది. రోజూ ఫోను చేసి ఎక్కడ ఎంత కదిలిందో చెబుతుంది. కథ అక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ని కాదు.

ఆ రోజు బడి నుంచి ఇంటికొచ్చిన రాత్రే సంచిలో ఆ ఎర్ర పెన్సిలు కనబడింది. నేను వేసుకోలేదు. అమ్మాయీ వేయలేదంది. మర్నాడు తీసుకెళ్లి బడిలో ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి చొక్కా జేబులో ఉంది. ఇంకోసారి ఇచ్చి చూశాను. తర్వాత ఇవ్వడం మానేశాను.

కస్టమర్ల తాళంచెవుల నంబర్లు రాసుకునే నోటుపుస్తకం ఒకటుంది నాకు. నా రాత కోడి కెలికినట్టుంటుంది. అమ్మాయి వెళ్లిన వారానికి పొద్దున్నే ఆ పుస్తకం తెరిస్తే, నంబర్ల కింద ఎర్రగా, గుండ్రంగా, ముత్యాల్లాంటి రాత.

"ఎనిమిదో తరగతి. చురుకైన పిల్ల. రేపు చెబుతానంది. రాలేదు. పిలిపించాలి."

నా కుడి చేతి వేళ్లకు ఎరుపు అంటి ఉంది. మంచం పక్కన చెక్కిన పొట్టు. మా ఆవిడ లేచి చీపురు పట్టుకుని, "రాత్రంతా ఏం గీకుతున్నావు?" అంది. నేను నిద్రపోయాననే అనుకుంటున్నాను.

మేడమ్‌కు ఫోను చేశాను. బల్ల మీది ఫైలు పిల్ల బడికి రావట్లేదా అని అడిగాను. "ఆ పిల్ల మూడు రోజులుగా రావట్లేదు," అంది. "ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసింది?"

ఇంటి గుర్తులు అడిగి తెలుసుకున్నాను.

బట్టలు ఆరేసిన మెట్ల పక్కన రెండో వాటా. వాళ్లమ్మ తలుపు తీసింది. తాళాల మేస్త్రినని చెబితే, మా తాళం బాగానే ఉందయ్యా అంది. ఆమె వెనక, గోడ మాటున, పిల్ల నిలబడి ఉంది. నా చేతిలోని పెన్సిలు చూడగానే గుర్తుపట్టినట్టు నవ్వి తల దించుకుంది. ఆ నవ్వు నాకు తెలుసు.

"ఏమవుతావమ్మా?" అన్నాను. గొంతు నాది కాదు. నాదే కావచ్చు, అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

"రేపు చెబుతా అంకుల్."

"రేపంటే కుదరదు తల్లీ. ఇప్పుడే చెప్పేయ్," అన్నాను. "ఈ పనిలో ఉన్నవాళ్లం చచ్చినా వదలం."