దాలమ్మ కిలోమీటర్లు

యామినికి పదిహేను వందల మీటర్ల పరుగంటే ప్రాణం. దానికోసం వారమంతా పరిగెత్తమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. గట్టిగా నాలుగు రౌండ్లు కూడా లేని పందేనికి వారానికి డెబ్బై కిలోమీటర్లా! ఇదెక్కడి న్యాయమండీ?

పలాస కోచ్ భానుమూర్తి సారుది మాత్రం ఒకటే పాట. "మెల్లగానే పరిగెత్తమ్మా, కబుర్లు చెప్పుకునేంత మెల్లగా. కానీ డెబ్బై నిండాలి. నిండకపోతే టెక్కలి సెలక్షన్లకి నీ పేరు పంపను." యామిని ఫోన్‌లో ఓ యాప్ కూడా వేయించారు. ఎంత దూరం వెళ్లిందో ఆయనకి పలాసలోనే కనబడిపోతుంది.

టెక్కలి వెళ్లాలి, గెలవాలి. యామినికి ఈ లోకంలో మరో కోరిక లేదు. తెల్లారగట్ల నిద్ర కూడా కావాలి, అది వేరే సంగతి.

ఆలోచించి ఆలోచించి, వాళ్లమ్మ దాలమ్మ చేపల గంప ఎత్తుకుంటున్నప్పుడు ఫోన్ తెచ్చి ఆవిడ రొండిన దోపింది.

"ఉంచుకోవే అమ్మా, దారిలో అవసరం పడతాది."

దాలమ్మ వజ్రపుకొత్తూరు తీరంలో కవళ్ల చేపలు కొని, కొబ్బరితోటల మధ్య ఊరూరా తిరిగి అమ్ముతుంది. నోరు మూసుకుని నడిచిన రోజు ఆవిడ జన్మలో లేదు. సారు చెప్పిన కబుర్ల వేగం అచ్చం ఇదే కదా అనుకుని, యామిని దుప్పటి ముసుగేసింది.

రెండు వారాలు సారు శభాష్ అంటూ మెసేజులు పెట్టారు. మూడో వారం ఓ రోజు దాలమ్మ ఇంటికొచ్చి గంప దించి, కాళ్లయినా కడుక్కోకుండా మంచమెక్కేసింది.

"మీ సారు ఫోన్ సేసినారే."

యామిని ఒక్క గెంతున మంచం దగ్గరికొచ్చింది. "ఏటన్నారు?"

"వారంలో తొంభై దాటేసినావట. నీ పందేనికి అంతక్కర్లేదట, మోకాళ్లు పోతాయట. ఈ వారం కాలు కింద పెట్టకు తల్లీ అన్నారు. నేను యామినిని కాదు బాబూ, దాలమ్మని, ఈ నడకంతా నాదే అన్నాను."

"సెప్పేసినావా! నా కొంప ముంచేసినావు కదే!"

"సారు ఒకటే నవ్వు. అయితే రెస్టు నీకే దాలమ్మా అన్నారు. వారం రోజులు గంప నువ్వే మోయాలట, మెల్లగా, కబుర్లు సెప్పుకుంటా. ఫోన్ నీ రొండినే ఉండాలట. సక్కగా సేత్తే పేరు పంపుతారట."

దాలమ్మ కాళ్లు బారజాపుకుంది. పగిలిన మడమల నిండా తోటల ఇసుక.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈ గంప మోత్తన్నాను. కూకోయే అని సెప్పినోడు ఒక్కడు లేడు. ఇన్నాళ్లకి ఆ బాబు సెప్పినారు" అని మురిసిపోయింది.

యామినికి సిగ్గుతో ఏడుపొచ్చింది. కిలోమీటర్లు కొట్టేసింది గానీ, అవి నడిచిన కాళ్లకేసి ఒక్కనాడూ చూడలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి అమ్మ కాళ్లు కడిగింది.

మర్నాడు తెల్లారకుండానే గంప నెత్తికెత్తుకుంది. వీధి మలుపు తిరక్కుండానే మెడ పట్టేసింది. మంచం దిగకుండానే దాలమ్మ కేకేసింది.

"మెల్లగా నడవే! నోరిప్పి కబుర్లు సెప్పు! సారు సెప్పినారు!"