అమ్మ చెంచాలు కరిగిన నీళ్లు

దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్న పెద్దాయనా, మీరు కూడా రండి, నా గొంతు అంత దూరం రాదు. దేవుడు చెవులిచ్చాడు కదా, కాసేపు వాటికి పని చెబుదాం.

ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు. రేడియోలు పోయి టీవీలు, టీవీలు పోయి ఫోన్లు వచ్చినా ఆయన మాత్రం రేడియో మెకానిక్కే. పొద్దున్నే మొహం కడుక్కుని వంటగట్టు మీద గాజు గ్లాసు ముందు కూర్చునేవాడు. గ్లాసులో కారు బ్యాటరీలకి పోసే శుద్ధమైన నీళ్లు. అంచున ఒకదానికొకటి తగలకుండా రెండు వెండి చెంచాలు. వాటికి క్లిప్పులు, వైర్లు, ఆ చివర బ్యాటరీలు. కాసేపటికి చెంచాకి బూడిదరంగు నూగు పట్టేది, నీళ్లు లేత పసుపుకి తిరిగేవి. టార్చి వేస్తే వెలుగు నీళ్లలో సన్నని బాటలా కనబడేది. అదే వెండి నీరు. అన్ని జబ్బులకూ మందని ఎవరో వీడియోలో చెబితే నమ్మేసి, రోజూ ఒక గుక్క మింగేవాడు.

ఆ చెంచాలు వాళ్లమ్మవి. ఆయనకీ, తర్వాత ఆయన కొడుక్కీ వాటితోనే జావ పట్టింది. ఆవిడ పోయి చాలాకాలమైంది. కానీ వైరు తగిలించగానే గ్లాసులోంచి ఆవిడ గొంతు వచ్చేది.

"నోరు తెరు. ఇంకొక్కటే, నా తండ్రివి కదూ."

ఇంట్లో అదేం వింత కాదు. "అత్తయ్య ఇవాళ తొందరగా లేచింది," అనేది భార్య, కూరలు తరుగుతూ. పాలు పోసేవాడు కూడా "బాగున్నారా పెద్దమ్మా" అని గ్లాసుని పలకరించి పోయేవాడు.

తికమకంతా మెకానిక్కే. అమ్మ తాగమంటోందా, ఎప్పుడో అన్న మాటలు వెండిలో మిగిలిపోయి ఇప్పుడు కరుగుతున్నాయా? ఆ నీళ్లు తాగగా తాగగా గోళ్లు సీసంలా నీలిబూడిద రంగుకి తిరిగినప్పుడు వాటిని గ్లాసుకి చూపించి, "మానెయ్యనా అమ్మా?" అని అడిగాడు.

"అటు చూడు, కాకి," అంది గ్లాసు.

చూశాడు. కిటికీలో నిజంగానే కాకి ఉంది. తికమక రెండింతలైంది.

"ఇంకా తాగుతారా?" అంది భార్య.

"అమ్మే నోరు తెరవమంటుంటే ఎలా కాదనను?"

"కాకిని కూడా చూడమంది. తెచ్చి పెంచుకుంటారా?"

ఇంతలో మనవరాలికి జ్వరం పట్టుకుంది. చిన్నగా ఉంటుందని దాన్ని గింజ అనేవారు. నిన్నంతా డాక్టరెందుకని కోడలికి సర్దిచెప్పాడు మెకానిక్. ఇవాళ మధ్యాహ్నానికి గింజ డొక్కలు ఎగరేస్తోంది.

"మామయ్యా, ఇక ఆగలేను. బండి పిలవండి," అంది కోడలు.

"పిలుస్తానమ్మా. ఒక్క చెంచా పట్టి చూద్దాం. విను, ఆవిడే చెబుతోంది."

"నోరు తెరు," అంటోంది గ్లాసు.

కోడలు గింజని లేపి కూర్చోబెట్టింది. పెద్దావిడ మాటాయె. గింజ బుద్ధిగా నోరు తెరిచింది. మెకానిక్ ఒక చెంచా క్లిప్పు విప్పి, నీళ్లు ముంచి, దాని పెదవుల దాకా తెచ్చాడు.

"ఉండు," అంది గొంతు. ఈసారి గ్లాసులోంచి కాదు, చెంచాలోంచి. "ముందు నేను."

చూస్తే చెంచా ఖాళీ. నేల మీద చుక్క పడలేదు. మళ్లీ ముంచాడు. "ఉండు, ముందు నేను." మళ్లీ ఖాళీ. ముంచుతూనే ఉన్నాడు, గ్లాసు అడుగు కనబడేదాకా.

తాగమన్నదీ అమ్మే, తాగనివ్వనిదీ అమ్మే. ఏమనుకోవాలి? ఖాళీ చెంచా పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ ఏనాడూ చెంచా తిన్నగా తన నోట్లో పెట్టలేదు. ముందు ఆవిడ పెదవికి ఆనించి చూసుకున్నాకే. ఒకసారి అలా చూసి, మొహం చిట్లించి, గిన్నెడు జావ పారబోసింది. ఆకలితో ఏడిస్తే చంకనేసుకుని తిప్పిందే గానీ ఆ జావ పెట్టలేదు.

చెంచా గట్టు మీద పెట్టేశాడు. "పద తల్లీ, నేనే ఎత్తుకుంటా," అన్నాడు కోడలితో.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు డాక్టరు. ఇంకో పూట ఆగితే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు. ఆసుపత్రిలో పెట్టుకుని సూదులు వేశారు. దేవుడి దయ, గింజ లేచి కూర్చుని జావ అడిగింది.

ఇంటికొచ్చాక మెకానిక్ వైర్లు తగిలించి చూశాడు. నీళ్లు పసుపుకి తిరిగాయి. గొంతు మాత్రం రాలేదు. తలెత్తితే గోడ మీద అమ్మ ఫొటో. పెదవులు సీసం రంగుకి తిరిగి ఉన్నాయి. భార్య గుడ్డ తడిపి అద్దం తుడిచింది. పోలేదు. ఆయన నీళ్లు పారబోసి, చెంచాలు తుడిచి, ఫొటో కింద పెట్టాడు.

అమ్మలారా, అయ్యలారా, ఇంకేం మరిచిపోయినా ఫరవాలేదు, ఆ తల్లి చేసిన ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఎంత ప్రేమతో ఎత్తిన చెంచా అయినా పసినోటి ముందు ఒక్క క్షణం ఆపండి. ఏదీ, నాతో పాటు ఒకసారి అనండి: "ఉండు."