అల్లుడు తెచ్చిన రేడియేటర్

అల్యూమినియం అట, వంటింట్లో గిన్నెలకి తప్ప దేనికీ పనికిరాని సరుకు తెచ్చి లారీ ముందు పెట్టాడు, అది కూడా అట్టపెట్టెలో, గాజుబొమ్మని తెచ్చినంత జాగ్రత్తగా, ఒంటిచేత్తో ఎత్తి చూశాను, లేచింది, అదీ నాకు నచ్చలేదు, రేడియేటర్ అన్నాక ఇద్దరు పడితే గానీ కదలకూడదు, పాతది రాగిది, నిన్న దింపుతుంటే నా నడుం పట్టేసింది, దాన్నంటారు వస్తువు అని, ఇదేమో గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉంది, తేలికైతే మంచిదే కదా మామయ్యా, వేడి కూడా తొందరగా పోతుందట అన్నాడు, అట, వాడి మాటల్లో సగం అటలే, ఎవడో చెప్పినవి, ఎక్కడో చదివినవి, సొంతంగా చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది ఒక్కటీ లేదు, కంపెనీది కాదుగా ఇది అంటే, కంపెనీది ఇప్పుడు రావట్లేదండీ, ఇది బయటి కంపెనీవాళ్ళు మన మోడల్‌కి సరిపోయేట్టు చేసింది అని, షాపువాడు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు, నా చిన్నప్పుడు ఇలా అప్పజెప్పే పిల్లలకే బళ్ళో మొదటి మార్కు వచ్చేది, నేను ఆ బడి మానేసి స్టీరింగు పట్టుకున్నాను, ముప్పై ఒక్క ఏళ్ళు నడిపాను, ఇప్పుడు చూపు తగ్గి, డాక్టరు వద్దన్నాడు కాబట్టి గానీ లేకపోతే ఈ గోదాము గుమస్తాకి నా బండి ఎందుకిస్తాను.

గుమస్తానే, పెళ్ళప్పుడు అంతే, తర్వాత గోదాము మూసేస్తే మా అమ్మాయి వచ్చి నాన్నా, ఆయనకి డ్రైవింగ్ నేర్పించు అంది, నేర్పించాను, నోటుబుక్కు తెచ్చుకున్నాడు, లారీ నేర్చుకోవడానికి నోటుబుక్కు, పుస్తకం చూసి ఈత నేర్చుకునే రకం, ఎన్ని కిలోమీటర్లకి ఆయిలు మార్చాలి, ఏ టైరులో గాలి ఎంత, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు, లైసెన్సు వచ్చింది, నేనేం కాదనను, కానీ బండి మనసు నోటుబుక్కులో దొరుకుతుందా, ఇప్పుడు కూడా కూలెంట్ తెస్తానని సైకిలేసుకుని పోయాడు, దీంట్లో కుళాయి నీళ్ళు పోస్తే లోపల తినేస్తుంది మామయ్యా, నేను వచ్చేదాకా పొయ్యకండి అని రెండుసార్లు చెప్పి మరీ, నేనేదో పసిపిల్లాణ్ణయినట్టు, ముప్పై ఒక్క ఏళ్ళు కుళాయి నీళ్ళే పోశాను, చెరువు నీళ్ళు పోశాను, ఒకసారి ఏమీ దొరక్క సోడాలు కొట్టి పోశాను, బండి ఇంటికి రాలేదా, వచ్చింది, పాలు తాగి పెరిగిన రేడియేటర్లు ఇప్పుడే పుట్టుకొచ్చాయి.

పాతది గోడకి ఆనించి ఉంది, దాని పొట్టలో అర్ధచంద్రంలా కోత, ఫ్యాను రెక్కలు కోసిన కోత, చూసినకొద్దీ ఒళ్ళు మండుతోంది, శుక్రవారం వంతెన దిగుతుంటే కుక్క అడ్డొచ్చిందట, వీడు బ్రేకు మీద నిలబడ్డాడట, ఇంజిన్ ముందుకి ఊగి ఫ్యాను వెళ్ళి రేడియేటర్‌ని కొరికేసిందట, కుక్క కోసం, పోనీ మనిషా అంటే మనిషి కూడా కాదు, బ్రేకు తొక్కడానికో పద్ధతుంది, కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు పెట్టాలి, వీధి గుమ్మం ముందు ఆదివారంనాడు అందరూ చూస్తుండగా అదే అన్నాను, నువ్వు నడిపేది లారీనా, తోపుడుబండా, నా ఆయుష్షంతా ఒక్క రేడియేటర్ పగలగొట్టకుండా నేను నడిపిన బండిని మూడేళ్ళలో కుంటిదాన్ని చేశావు, ఎదురింటి దర్జీ కూడా మిషను ఆపి విన్నాడు, పైనింటివాళ్ళు బట్టలు ఆరేస్తూ ఆరెయ్యడం మర్చిపోయారు, వీడేమో బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, చివరికి, నాదే తప్పు మామయ్యా అన్నాడు, అంతే, మగాడన్నాక ఒక మాట తిరిగి అనాలి, కోపం రావాలి, నాదే తప్పట, ఆ మెత్తదనం చూస్తే నాకు ఇంకా చిరాకు, ఇంకో పావుగంట తిట్టాను.

పొద్దున అమ్మాయితో చెప్పేశాను కూడా, పని అయ్యాక తాళం నా జేబులోనే ఉంటుంది, జీతానికి మంచి డ్రైవర్ని చూస్తాను, మీ ఆయన్ని మళ్ళీ ఎక్కడైనా లెక్కలు రాసుకోమను, అది గ్లాసులు కడుగుతోంది, కుళాయి కట్టేసింది, ఏదో చెప్పబోయి ఆగింది, నోరు తెరిచి మూసింది, తర్వాత చాలా మామూలుగా, అయితే మేం వేరే ఇల్లు చూసుకుంటాం నాన్నా, రోజూ నీ ఎదురుగా తలొంచుకుని ఆయన అన్నం తింటుంటే నేను చూడలేను అంది, చూసుకోండి అన్నాను, నాకేం భయమా అన్నాను, భయమే, ఇంట్లో ముగ్గురం, ఇద్దరు పోతే ఒక్కణ్ణి, లెక్క తెలియక కాదు, కానీ మాట అన్నాక అన్నట్టే, సాయంత్రం బండి స్టార్టు చేసి చూసి, అప్పుడు చెప్పేస్తాను వాడితో, తాళం ఇప్పటికే చొక్కా జేబులో ఉంది, వంగినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

సరే, ముందు పని, కింద రబ్బరు బుష్షుల మీద కూర్చోబెట్టాను, కూర్చుంది, బోల్టు రంధ్రాలు కలవవు చూడు, రాడ్డు పెట్టి లాగాలి అనుకుంటూ బోల్టు పెట్టాను, చేతితోనే తిరిగింది, రెండోది, మూడోది, నాలుగూ పట్టాయి, ఒక్కటైనా మొండికెయ్యకపోయేసరికి ఇంకా కోపం వచ్చింది, పై హోసు, కింద హోసు, క్లిప్పులు, అన్నీ సుఖంగా, ఇంత సుఖంగా అయ్యే పని పనే కాదు, ఆఖర్న ఫ్యాను చేత్తో తిప్పి చూశాను, కుడివైపు రెక్కకీ రేడియేటర్‌కీ మధ్య రెండు వేళ్ళు పట్టాయి, ఎడమవైపు చిటికెనవేలు కూడా పట్టలేదు, హమ్మయ్య, నవ్వొచ్చింది, ఒక్కణ్ణే పైకే నవ్వాను, చెప్పానా లేదా, వంకర సరుకు, అచ్చులోనే వంకర, ఇప్పుడు వాడు రానీ, వేళ్ళు పెట్టి చూపిస్తాను, పద నాతో షాపుకి అంటాను, షాపువాడి నెత్తిన పెడతాను దీన్ని.

రుజువు గట్టిగా ఉండాలని టేపు తీశాను, ఛాసిస్ నుంచి రేడియేటర్‌కి ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత, సమానం, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాను, సమానమే, పైన కొలిచాను, కింద కొలిచాను, దరిద్రపు అల్యూమినియం గీత గీసినట్టు నిటారుగా నిలబడి ఉంది, అంటే వంకర దీనిది కాదు, ఫ్యానుది, ఫ్యాను దానంతటది వంకర పోదు, అది బిగించి ఉన్నది ఇంజిన్‌కి, గోనె పరుచుకుని కిందికి దూరాను, వీపుకి కంకర గుచ్చుకుంటోంది, ఈ వయసులో నాకీ పాకులాట ఏమిటి, టార్చి వేశాను, ఎడమవైపు ఇంజిన్ మౌంటు, ఇంజిన్ బరువు ఆనే రబ్బరు దిమ్మ, దాని చోట నల్లగా, చితికిపోయి, సగం బయటికి జారి, టైరు ముక్క.

నా టైరు ముక్క, ఆరేళ్ళ కిందట అసలు మౌంటు చీలిపోతే కొత్తది ఎందుకు దండగ, రబ్బరు రబ్బరే కదా అని అరిగిపోయిన టైరు కోసి రెండు పొరలు మడిచి పెట్టింది నేనే, మెకానిక్కుల్ని తలదన్నాను అని ఎంతమందికి చెప్పుకున్నానో, పెళ్ళైన కొత్తలో అల్లుణ్ణి పిలిచి మరీ చూపించాను, చదువుకుంటే రాదు ఇలాంటిది అన్నాను, అది జారిపోయాక ఎవడు బ్రేకు తొక్కినా ఇంజిన్ ఊగుతుంది, కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కినా ఊగుతుంది, నేను తొక్కినా ఇంతే, కుక్కదీ కాదు, వాడిదీ కాదు, సరే, ఆరేళ్ళు ఆగిందిగా, ఆరేళ్ళంటే తక్కువా, అయినా ఇది చూసిందెవరు, నేనొక్కణ్ణే, జాకీ పెట్టి ముక్క లాగేసి, రేపు నేనే ఒక మౌంటు కొనుక్కొచ్చి గప్‌చుప్‌గా పెట్టేస్తే సరి, నోటుబుక్కు మొహానికి ఏం తెలుస్తుంది, ఆ ఆలోచన వచ్చాక కాస్త ఊపిరాడింది, జాకీ రాడ్డు కోసం క్యాబిన్ ఎక్కి డ్రైవరు సీటు ఎత్తాను.

రాడ్డు పక్కన కాగితం పొట్లం, బరువుగా ఉంది, విప్పాను, రెండు మౌంట్లు, కొత్తవి, కొత్త రబ్బరు వాసన, బోల్టులతో సహా, బిల్లు కూడా ఉంది, తారీఖు శనివారానిది, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాను, శనివారమే, నేను వీధిలో నిలబెట్టి తిట్టింది ఆదివారం, అంటే తిట్లు తింటున్నప్పటికే తెలుసు వీడికి, మౌంట్లు కొని సీటు కింద పెట్టుకుని వచ్చి, నాదే తప్పు మామయ్యా అన్నాడు, బిల్లు వెనక పెన్సిలుతో రెండు వరుసలు, వాడి ముత్యాలు కావు, మా అమ్మాయి రాత, అది త అక్షరాన్ని ఎప్పుడూ పడుకోబెట్టినట్టు రాస్తుంది, నాన్న మధ్యాహ్నం పడుకున్నాక మార్చండి, పాత ముక్క నాన్న కంటపడకుండా తీసెయ్యండి.

కోపం తెచ్చుకుందామని చూశాను, నా ఇంట్లో, నా వెనక, మొగుడూ పెళ్ళాం కలిసి గూడుపుఠాణీ అని, రాలేదు, ఎవరినన్నా ఒక మాట అనుకుందామంటే అనుకోవడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు, పొద్దున అది నోరు తెరిచి మూసింది ఇందుకా, ఇల్లు వదలడానికైనా సిద్ధపడింది గానీ ఈ ముక్క నా మొహాన పడెయ్యలేదు, సిగ్గు వేసింది, నిజంగా సిగ్గు, ఇంతలో సైకిలు స్టాండు వేసిన చప్పుడు, కూలెంట్ డబ్బా మోసుకుంటూ వచ్చాడు, చెమట, చొక్కా వీపుకి అంటుకుపోయి, నా చేతిలో పొట్లం చూశాడు, చూసి వాడు తెల్లబోయాడు, నేను దొంగనైతే వాడు పట్టుబడ్డట్టు, డబ్బా కింద పెట్టి, అవి మనవి కావు మామయ్యా, స్నేహితుడివి, ఆయన బండి కోసం తెమ్మంటే తెచ్చాను అన్నాడు, నేల చూస్తూ, అబద్ధం చెప్పడం వాడికి బొత్తిగా చేతకాదు, నేను బిల్లు తిప్పి రాత కనబడేట్టు పట్టుకుంటే అది చూసి కూడా, పాతవి బానే ఉన్నాయండీ, మీరు పెట్టింది గట్టిదే, ఊరికే, మార్చి చాలా రోజులైందని, అంటున్నాడు, ఇంకా అంటూనే ఉన్నాడు, పట్టుబడ్డాక కూడా నా పరువు కోసమే వెతుక్కుంటున్నాడు మాటలు, అప్పుడు తెలిసింది నాకు, సాయంత్రం నేను తాళం ఇవ్వను పొమ్మన్నా ఇతను సరేనని సామాను సర్దుకునేవాడు, పని పోయి, ఇల్లు పోయి, మా అమ్మాయిని వెంటబెట్టుకుని గుమ్మం దాటేవాడు, దాటి వెళ్ళాక కూడా, ఏ రోజూ, ఎవరితోనూ, తప్పు మా మామయ్యది అని ఒక్క మాట అనేవాడు కాదు.