ఎనిమిది లీటర్ల కుంచెం

ఆ ప్రయోగాన్ని నరసింగరావుగారు తన చేతులతో మళ్లీ చేసి చూసుకున్నారా, లేదా? ముప్పై ఎనిమిదేళ్లుగా కమలాదేవిని వదలని అనుమానం ఇదే. చేసుకుని ఉంటే ఆయన తప్పు సగమే. గురువుగారి గురించి అంతకు మించి చెడుగా అనుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

నరసన్నపేటలో ధాన్యం కొట్టువాళ్ల అమ్మాయి కమలాదేవి, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, విజయనగరంలో ఆయన లాబ్‌లో చేరింది. అక్కడ అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి. బాత్రూం తలుపుకు లోపల గడియ పెట్టించడానికే ఆర్నెల్లు పట్టింది. బెల్లం రంగు తేలాలని రైతులు హైడ్రోస్ మందు కలుపుతున్న రోజులవి. మందు లేకుండా చెరకు రసాన్ని తేర్చడం ఎలాగన్నది ఆమె పని. బొబ్బిలి దగ్గర పల్లెలో బెల్లం వండే గున్నమ్మ దారి చూపింది. బెండ కాడలు నలిపి, ఆ జిగురు మరిగే రసంలో పోస్తే మడ్డంతా పైకి తేలిపోతుంది. ఎంత పోయాలో, ఏ వేడిలో పోయాలో, రెండు సీజన్లు పొయ్యి పక్కన కూర్చుని కమలాదేవి తేల్చింది.

నరసింగరావుగారు ఆమె నోటుబుక్కు తీసుకున్నారు. నెల తర్వాత, "ఇది తేలే పని కాదమ్మా, వదిలేయ్" అన్నారు. మరుసటేడు అదే విషయం మీద ఆయన పేరుతో వ్యాసం వచ్చింది, బహుమతీ వచ్చింది. వెళ్లి అడిగితే, "నేను మొదట్నుంచీ విడిగా చేసుకుంటున్నాను" అన్నారు. ఆమె లాబ్ మానేసి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంది. ఆ వ్యాసం మాత్రం చదవలేదు. అందులో ఏం బయటపడుతుందోనని భయపడింది.

మొన్న పాత శిష్యురాలు శ్రావణి ఇంటర్నెట్‌లో దాన్ని పట్టుకుని, జిరాక్సు తెచ్చి ఇచ్చింది. రెండు రోజులు అది టీవీ పక్కనే పడుంది.

"సదివేయవే బాబూ," అన్నాడు భర్త కాశీవిశ్వనాథం. "ఆ అనుమానంతో నాకూ ముప్పై ఎనిమిదేళ్లూ కాపురమే."

ఆమె నవ్వి, కళ్లజోడు పెట్టుకుంది. మూడో పేజీలో ఆగిపోయింది.

"ఏటయింది?"

"జిగురు ఎనిమిది లీటర్లని రాశారండీ."

"అయితే?"

"గున్నమ్మ కుంచెడు జిగురు పోసేది. మా నాన్న కొట్లో కుంచెం ఎనిమిది లీటర్లు. అన్ని ఊళ్లలోనూ అంతే అనుకుని పుస్తకంలో ఎనిమిదని రాసేశాను. ఆవిడ కుంచెం ఐదే. తర్వాత కొలిచి చూసుకున్నాను. అప్పటికే పుస్తకం ఆయన దగ్గరుంది."

కాశీవిశ్వనాథం జిరాక్సు తీసుకుని ఆ అంకె చూశాడు.

"ఎనిమిది పోస్తే బెల్లం ముద్ద కట్టదండీ. ఒక్కసారి వండినా తెలిసిపోయేది. ఆయన పొయ్యే వెలిగించలేదు."

మర్నాడు పూజలో, రోజూ తలుచుకునే గురువుల వరసలో నరసింగరావుగారి దగ్గరకొచ్చేసరికి నోరు కదల్లేదు. బ్యూరెట్ పట్టుకోవడం నేర్పినవాడు గురువే కదా స్వామీ, నా పని ఎత్తుకుపోయినా గురువేనా, అని అడిగింది. ఆ ఒక్క పేరు వదిలేసి హారతి ఇచ్చింది. తర్వాత బొబ్బిలి బస్సెక్కింది.

గున్నమ్మకు ఎనభై దాటాయి. గొంతు విని పోల్చుకుంది.

"ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి మేస్టరమ్మా?"

"తెలిసిందప్పా," అక్కను పిలిచినట్టే పిలిచింది కమలాదేవి. "మన బెల్లం సంగతి పుస్తకంలో అచ్చయింది. ఎనిమిది లీటర్ల జిగురు పొయ్యాలట."

"ఎనిమిదా? అది బెల్లం కాదు, పాయసం అవుతాది. ఏ ఎర్రోడు రాసినాడు?"

"నేనే రాశాను. మా సారు చూసి దించుకున్నారు."

గున్నమ్మ విరగబడి నవ్వింది. నవ్వాక అడిగింది. "నీ పేరుందా అందల?"

"లేదప్పా."

"నాది?"

కమలాదేవి కొంగు సర్దుకుంది. "నీ పేరు నా పుస్తకంలోనే లేదప్పా. ఒక రైతు స్త్రీ చెప్పింది అని రాశాను."

"అయితే నువ్వూ సారువే," అంది గున్నమ్మ.

కమలాదేవి సంచిలోంచి జిరాక్సు తీసింది.

"అచ్చయ్యాక సదివి ఇనిపిస్తానన్నావు. గేపకముందా? ఆ బాకీ అలాగుండిపోనాది. సదువు."

కమలాదేవి గడపలో కూర్చుంది. ఇంగ్లీషు వాక్యాన్ని ఒక్కొక్కటే తెలుగు చేస్తూ, ఎనిమిది ఉన్నచోట ఎనిమిదనే చదువుతూ, ఆఖరి పేజీ దాకా వెళ్లింది.

"ఐపోనాదా?"

"అయిపోయిందప్పా."

"అయితే తీరిపోనాది," అంది గున్నమ్మ.