సుర్దోకి కొట్టని చప్పట్లు

మా ఊరికి నోరెక్కువ. ఎవరి మొగుడు ఎవరి గుమ్మంలో తేలాడో, ఎవరింట్లో చిక్కుళ్ళు మాడాయో, పొద్దెక్కేలోగా డామినోలాడే బల్ల దగ్గర తేలిపోవాల్సిందే. అలాంటి ఊరు సుర్దో ఎదుట ఒక్క సంగతి మీద మాత్రం నలభై ఏళ్ళు నోరు మూసుకుంది. మంచి మనసుతోనే మూసుకుంది. ఇప్పుడు ఆ మంచి మనసు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సుర్దో అంటే మా భాషలో పుర్రచేతివాడు. అసలు పేరు ఇలారియో. మా చక్కెర మిల్లు బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచ్చర్. ఆదివారం ఆయన ఆడుతున్నాడంటే చెరుకు కొట్టేవాళ్ళు ఉతికిన చొక్కాలు తొడుక్కుని వచ్చేవాళ్ళు, ఆడవాళ్ళం తలకి చుట్టిన కర్లర్లతోనే వచ్చేసేవాళ్ళం. విసిరే ముందు ఆయన టోపీ అంచు కిందికి లాక్కుని, మిల్లు గొట్టం పొగ ఎటు పోతోందో ఓసారి చూసేవాడు. గాలి ఎటో తెలుసుకోవడానికని మా నాన్న చెప్పేవాడు. తర్వాత కుడికాలు గుండెల దాకా లేపి విసిరేవాడు. బంతి తిన్నగా వస్తున్నట్టే వచ్చి చివర్లో దిగిపోయేది. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేసినవాడిలా బ్యాటర్ ముందుకి తూలేవాడు. మా నాన్న తొడ చరుచుకుని, పక్కన ఎవరుంటే వాళ్ళ తొడ కూడా చరిచేవాడు. ఆయన పక్కన కూర్చోవడానికి అందరూ జంకేవాళ్ళు.

ఇక ఆ రోజు. నది అవతలి మిల్లు జట్టుతో ఫైనల్. ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి స్టాండ్‌లో గుసగుసలు ఆగిపోయాయి. అవతలివాళ్ళలో ఒక్కడు కూడా మొదటి బేస్ మీద కాలు పెట్టలేదు. పిచ్చర్ జీవితంలో అలాంటి రోజు ఒక్కటి వస్తే గొప్ప, చాలామందికి రాదు. అది వచ్చినప్పుడు మా ఆటలో ఓ కట్టుబాటుంది. ఆ సంగతి ఎవరూ పైకి అనకూడదు. అన్నారో, చెడిపోతుంది. జట్టువాళ్ళు కూడా పిచ్చర్‌తో మాట్లాడరు, బెంచీ మీద ఆయన పక్కన కూర్చోరు. సుర్దో ఓ చివర ఒంటరిగా, భుజం మీద తువ్వాలేసుకుని కూర్చున్నాడు. మిగిలినవాళ్ళంతా రెండో చివర కోళ్ళలా ముడుచుకున్నారు. వేరుశెనక్కాయల వాడు కేక మానేశాడు. నాకు ఒంటికి వస్తోందన్నా మా నాన్న లేవనివ్వలేదు. ఎవరూ కదలకూడదట.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. మాకు ఒక్క పరుగు ఆధిక్యం. ఇద్దరు అవుటయ్యారు, ఒక్కడు మిగిలాడు. వాడు బ్యాటు అంచుతో తగిలించిన బంతి నీరసంగా దొర్లుకుంటూ మూడో బేస్ దగ్గరున్న రోకే వైపు వెళ్ళింది. నిద్రలో కూడా పట్టుకోగల బంతి. గులకరాయికి తగిలి రోకే భుజం మీదుగా ఎగిరిపోయింది, కొట్టినవాడు మొదటి బేస్ చేరిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాడు సుర్దో విసిరిన మొదటి బంతినే గోడ దాటించాడు. వాళ్ళకి రెండు పరుగులొచ్చాయి, మాకు ఫైనల్ పోయింది.

సుర్దో తలొంచుకుని మైదానం దాటి వెళ్ళిపోయాడు. తర్వాతి ఏడాదికే మోచెయ్యి పోయి ఆట మానేశాడు. మిల్లులో చెరుకు తూకం దగ్గర ఉద్యోగం చేసుకున్నాడు. ఆ ఆట గురించి ఊళ్ళో మాట్లాడుకోని రోజు లేదు. కానీ ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, అందరూ వాన గురించి మొదలుపెట్టేవాళ్ళు. పాపం, గుర్తు చేసి బాధపెట్టడం ఎందుకని.

పోయినేడు ఆయన ఊపిరితిత్తుల్లో జబ్బు తేలింది. రాజధానిలో డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఊరు వెంటనే తనకి తెలిసిన పని చేసింది. జబ్బు పేరు ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు కసిల్దా సాయంత్రాలు ఆయన్ని గుమ్మం ముందు బెంచీ మీద కూర్చోబెట్టేది. ఒకరు సూపు తెచ్చేవారు, ఒకరు ఉడికించిన కర్రపెండలం తెచ్చేవారు. గిన్నె కసిల్దా చేతికిచ్చి, ఆయనకి టోపీ ఎత్తి, ఎదుటి వైపు నుంచి వెళ్ళిపోయేవారు. బెంచీ మీద ఒక్కరూ కూర్చునేవారు కాదు. అందరిలాగే నేనూ గిన్నె ఇచ్చి వెనక్కి తిరుగుతుంటే ఓ మంగళవారం ఆయనే పిలిచాడు.

"పిల్లా, కాళ్ళు నొప్పెట్టట్లేదా నీకు? కూర్చో."

యాభై దాటిన నన్ను పిల్లా అనేవాడు ఊళ్ళో ఆయనొక్కడే. కూర్చున్నాను. చాలాసేపు గొట్టం వైపు చూశాడు. మిల్లు మూతపడి ఎన్నేళ్ళయిందో, పొగ లేదు.

"ఆ రోజు నువ్వు వచ్చావా మైదానానికి?" అన్నాడు.

ఏ రోజని అడగాల్సిన పని లేదు. వచ్చానన్నాను.

"ఒక్కడైనా తిట్టలేదు నన్ను. మొహం మీద ఉమ్మేసినా బాగుండేది. నేను రాగానే నోళ్ళు మూతబడతాయి. ఇంకా కోపం పోలేదు వీళ్ళకి. చచ్చేటప్పుడు కూడా పక్కన కూర్చోరు."

నలభై ఏళ్ళుగా ఆయన అనుకుంటున్నది ఇదా! మొదటి ఇన్నింగ్స్ నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. నాన్న తొడలు చరచడం, వేరుశెనక్కాయల వాడు నోరు మూసుకోవడం, నేను లేవకుండా బిగబట్టుకుని కూర్చోవడం. అక్కడ నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది. తువ్వాలు అందించాను.

"మరి అయిపోయాక?" అన్నాడు. "ఒక్క చప్పట వినపడలేదు నాకు."

"అందరం ఏడుస్తున్నాం, అన్నా. మగాళ్ళు కూడా. స్టాండ్ మొత్తం లేచి నిలబడి టోపీలు తీసింది. నువ్వు తలెత్తలేదు."

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఆ పుర్రచేత్తోనే. "రోకేని రమ్మను. వాడి నోటి నుంచి కూడా వినాలి నేను," అన్నాడు.

తిన్నగా డామినోల బల్ల దగ్గరికి వెళ్ళి, ముక్కలన్నీ చేత్తో చెరిపేసి, జరిగింది చెప్పాను. అందరి తలలూ వాలిపోయాయి. ఒక్కరోజు బాధపడి ఊరుకుంటే మా ఊరెందుకవుతుంది? మర్నాటినుంచి వాదన. ఇప్పుడు ఆ మాట ఎత్తితే మనిషికి కీడని ఒకరు. రోకే ఐతే మొహం గోడకి తిప్పుకుని, తన నోటితో ఆ గులకరాయి గురించి చెప్పలేనన్నాడు. తిట్టాను. బతిమాలాను. చివరికి ఆదివారం అందరం కలిసి వెళదామన్నారు, ఆ ఆట ఆదివారమే కదా అని. ఈ లోపల రోజూ నేనే వెళ్ళి కూర్చునేదాన్ని. రోకే వస్తున్నాడా అని అడిగేవాడు. ఆదివారం వస్తాడు, అన్నా, అనేదాన్ని. శుక్రవారానికి మాట పడిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకుని వచ్చారు. వీధి నిండిపోయింది. బెంచీ ఖాళీగా ఉంది, ఆయన లోపల మంచం మీద ఉన్నాడు. కిటికీ రెక్కలు తీయించాను. ఒకరి తర్వాత ఒకరు ఒక్కో ఇన్నింగ్స్ గట్టిగా చెప్పారు. తొమ్మిదోది వచ్చేసరికి అందరూ ఆగారు. రోకే కర్ర ఆనించుకుని లేచి, కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"ఆ బంతి నాది, అన్నా. నాది. నీ ఇంటికి రావడానికి నాకే మొహం చెల్లలేదు, అంతేగానీ నీ మీద ఎవరికీ ఏమీ లేదు," అన్నాడు.

అప్పుడు ఎవరు ముందు లేచారో తెలియదు, వీధి మొత్తం లేచింది. టోపీలు కుర్చీల మీద పెట్టి చప్పట్లు మొదలుపెట్టాం. కసిల్దా గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకా గట్టిగా కొట్టండి. చెవులు సరిగా వినపడటం లేదు ఆయనకి," అంది.

అరిచేతులు మండేదాకా కొట్టాం. రోకే కర్ర కింద పడేసి కొట్టాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. పుర్రచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా ఉంది. ఆయన మొహం గోడ వైపుంది. అన్నా, ఇటు చూడు, అందరూ వచ్చారని పిలిచాను. ఇంకోసారి పిలిచాను.

కసిల్దా లోపలికి వెళ్ళి, కాసేపటికి కిటికీ రెక్కలు మూసేసింది. చూసినవాళ్ళకి అర్థమైంది. వీధి చివరి వాళ్ళకి తెలియక ఇంకా కొడుతూనే ఉన్నారు. ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.