సున్నం వేయని ఎర్రనీళ్లు

మగ్గు ముంచగానే సృజన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బోరునీళ్లు కుళ్లిన చేపల వాసన కొడుతున్నాయి. సబ్బు రాయకముందే చేతికి సబ్బులా జారుతున్నాయి. కాళ్ల మీద పడుకోబెట్టుకున్న అశ్రిత గుక్కపట్టి ఏడుస్తోంది. పసిదాని మెడ మడతల్లో తోలు లేచి పచ్చిపుండు. దాని మీద మళ్లీ ఈ నీళ్లే పోయాలి.

"అత్తమ్మా, దేవరయాంజాల్ల మా అమ్మగారింట్ల ఉంట కొన్నిరోజులు. ఈ నీళ్లతోని పోరికి తానం పొయ్యలేను."

"నీళ్లేం జేసినయే? మేం పోసుకుంటలేమా? దిష్టి తగిలింది పోరికి. ఎర్రనీళ్లు తిప్పుత, జరుగు."

సత్యమ్మ పళ్లెంలో అవే నీళ్లు పోసి, పసుపు వేసి వేలితో కలిపింది. సున్నం డబ్బా కోసం చాచిన చెయ్యి ఆగిపోయింది. నీళ్లు అప్పటికే నెత్తురులా ఎర్రబడ్డాయి.

"సున్నం నువ్వేసినవా?"

"ఏయలే. డబ్బా మీ పక్కనే ఉన్నది గద!"

బడి మానిపించేలోపు విన్న ముక్క ఒకటి సృజనకు గుర్తొచ్చింది. క్షారం చేతికి జారుతుంది, పసుపును ఎర్రగా మారుస్తుంది, తోలును తింటుంది; పులుపు తగిలితే విరుగుతుంది. సున్నం క్షారమే. మరి ఈ నీళ్లలో ఏముంది?

వెతకనక్కర్లేదు. గోడవతల సత్యమ్మ పెద్దకొడుకు జనార్ధన్ కిరాయికిచ్చిన జాగాలో కంపెనీల డ్రమ్ములు కాస్టిక్ సోడాతో కడిగి, ఆ చీదర నురగంతా గుంతలోకి వదులుతున్నారు. గుంత పక్కనే బోరు.

అప్పుడే సుచిత్ర చౌరస్తా నుంచి వచ్చి బండి దిగిన జనార్ధన్ సంగతి విని నవ్వాడు. "గింతదానికి పరేషానెందుకు? నిమ్మకాయ పిండుండ్రి." తనే పిండాడు. పళ్లెంలో నీళ్లు పసుపుపచ్చగా మారాయి. "సూడు, అయిపాయె!"

సృజన అందులో ఇంకో మగ్గు బోరునీళ్లు కుమ్మరించింది. మళ్లీ ఎరుపు.

"గుంత నిండుతనే ఉంటది. బోరుల ఎన్ని నిమ్మకాయలు పిండుదాం బావా?"

"మస్తు మాటలు నేర్చినవ్," అని జనార్ధన్ మొహం తిప్పుకుని, బయటి నుంచి వచ్చినప్పటి అలవాటుగా కాళ్లు ముందుకు పెట్టాడు. కడుగుదామని సత్యమ్మ మగ్గు వంచబోయింది.

అతడు చటుక్కున వెనక్కి జరిగాడు. "గవి గాదమ్మా! బండిల క్యాన్ నీళ్లున్నయి, ఆగు."

మగ్గు గాల్లోనే నిలిచిపోయింది. సత్యమ్మ కొడుకు పాదాలు చూసింది. మనవరాలి మెడ చూసింది. థూ అని పక్కకు ఉమ్మింది.

"దిష్టి గాదురా, నువ్వే తగిలినవ్ పోరికి!"

ఎర్రనీళ్ల పళ్లెం కొడుకు చుట్టూ తిప్పి గోడవతలికి విసిరికొట్టింది.

"జల్దీ బట్టలు సర్దుకో పిల్లా. గుంత పూడిందాక ఈ గడప తొక్కకు. నువ్వురా, ఆ క్యాన్ ఇటు దే. ముందు పోరిని కడగాలె."